ఆట ఎక్కడ ఆగుతుంది?

క్యాంపస్‌లో నా గురించి తెలిసినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఇన్ని నేర్చుకున్నావ్ కదా, అన్నిట్లో ఏది బెస్ట్?" రెండో ప్రశ్న కూడా ఒకటే: "నలుగురు చుట్టుముడితే కొట్టేస్తావా?" మొదటిది ఎక్కువగా అబ్బాయిలు అడుగుతారు. రెండోది అందరూ అడుగుతారు, మా పిన్నితో సహా.

నేను ఎనిమిదో ఏట కరాటే మొదలుపెట్టాను. బీటెక్ ఫస్ట్ ఇయర్‌లో తైక్వాండో, ఈ ఏడాది జూడో. వీటి మధ్యలో, సెలవులకి అమ్మమ్మగారి ఊరు వెళ్ళినప్పుడల్లా తాతయ్య దగ్గర కర్రసాము. ఏ ఒక్కదాంట్లోనూ నేను ఛాంపియన్‌ని కాదు. ఏది గొప్పదో తీర్పు చెప్పే స్థాయి నాకు లేదు. కానీ ఒక స్టైల్ నుంచి ఇంకో స్టైల్‌కి మారిన ప్రతిసారీ నా ఒళ్ళు కనిపెట్టిన విషయం ఒకటుంది. చేతులు ఎలా కదలాలి, కాళ్ళు ఎలా కదలాలి అన్నదానికంటే ముందు ప్రతి స్టైల్ ఒక సంగతి తేల్చేసి పెడుతుంది: ఆట ఎక్కడ ఆగుతుంది? ఆ ఒక్క జవాబు మారితే మిగతావన్నీ మారిపోతాయి. నిలబడే తీరు, చేతులు పెట్టుకునే చోటు, దేనికి భయపడాలి, దేన్ని పట్టించుకోనక్కర్లేదు, అన్నీ.

ఈ వ్యాసం దాని గురించే. నేను ఇంగ్లీష్ మీడియం సరుకుని. ఎక్కడైనా వాక్యం తూలితే, జూడోలో లాగా పడి లేచింది అనుకోండి.

*

మా స్కూల్లో శనివారం మధ్యాహ్నం చివరి రెండు పీరియడ్లు "యాక్టివిటీ". డాన్సు, డ్రాయింగు, కరాటే, ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. డాన్సు లిస్టు అప్పటికే నిండిపోవడంతో నన్ను కరాటేలో వేశారు. విశాఖపట్నం ఎండలో, సిమెంటు గ్రౌండ్‌లో, నలభై మంది పిల్లలం వరసలు కట్టి, జపనీస్‌లో అంకెలు అరుస్తూ గాల్లోకి గుద్దేవాళ్ళం.

ఆ వరసలూ ఆ అంకెలూ ఊరికే రాలేదని తర్వాత చదివాను. కరాటే పుట్టింది ఒకినావా దీవిలో. అక్కడ ఇటోసు అంకో అనే గురువు 1900ల మొదట్లో దాన్ని బడిపిల్లలకి నేర్పే పాఠంగా మార్చారు. పిల్లల కోసమే 'పినాన్' అనే ఐదు కటాలు కూర్చారు. కటా అంటే ఎదురుగా మనిషి లేకుండా, ఒక వరుస ప్రకారం ఒంటరిగా చేసే కదలికలు. ఫునకోషి గిచిన్ 1922లో టోక్యో వెళ్ళి కరాటే ప్రదర్శించారు. ఆ తర్వాత అది జపాన్ అంతా పాకింది, ఆయన ఆ ఐదు కటాల పేరు 'హెయాన్' అని మార్చారు. అంటే మా స్కూల్ గ్రౌండ్‌లో నేను నేర్చుకున్న హెయాన్ షోదాన్, అందులో ఉన్న 21 కదలికలు, మొదటినుంచీ స్కూల్ గ్రౌండ్ కోసమే పుట్టినవన్నమాట.

మా మాస్టర్‌గారు రోజూ చెప్పేది ఒకటే మాట: "బలంగా కొట్టు. తాకే ముందు ఆపు." వినడానికి తేలికే. చేసి చూడండి. పూర్తి వేగంతో వెళ్ళిన పిడికిలిని ఎదుటి అమ్మాయి చెంపకి అంగుళం దూరంలో ఆపాలంటే, కొట్టడం కంటే రెట్టింపు పని. నడుము, భుజం, మోచెయ్యి, అన్నీ ఒకేసారి బ్రేక్ వెయ్యాలి. పోటీల్లో కూడా అంతే. దెబ్బ శుభ్రంగా పడిందనిపిస్తే రిఫరీ "యామే" అంటాడు, ఇద్దరూ వెనక్కి వచ్చి నిలబడాలి, పాయింట్ ఇస్తారు, మళ్ళీ మొదలు.

కాబట్టి కరాటేలో ఆట తాకిన చోట ఆగుతుంది. పదేళ్ళు అలా చేస్తే ఒంటికి ఏం అలవాటవుతుంది? దూరం లెక్క అద్భుతంగా వస్తుంది. ఎదుటివాళ్ళ బొటనవేలు కదిలితే చాలు, అర అడుగు వెనక్కి జరిగిపోతాం. లోపలికి ఒక్క దూకు, ఒక్క దెబ్బ, బయటికి. దానితోపాటు ఇంకొకటి కూడా అలవాటవుతుంది: దెబ్బ పడగానే పని అయిపోయిందన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని పరీక్షించే అవకాశం కరాటేలో రాదు. ఎందుకంటే అక్కడ ఎవరో ఒకరు "యామే" అనేస్తారు.

బెల్టుల సంగతి కూడా చెప్పాలి. తెలుపు తర్వాత పసుపు, ఆ తర్వాత నారింజ... ప్రతి రంగుకీ ఒక గ్రేడింగ్, ప్రతి గ్రేడింగ్‌కీ ఒక ఫీజు. "ఈ రంగు ఎంతమ్మా?" అని నాన్న ప్రతిసారీ అడిగేవారు, చీరల షాపులో అడిగినట్టు. అడిగి, కట్టేవారు. పదో తరగతికి బ్రౌన్ బెల్ట్ వచ్చింది. ఆ సర్టిఫికెట్‌ని నాన్న ఫ్రేమ్ కట్టించి హాల్లో, వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ పక్కన తగిలించారు.

*

ఇంటర్ రెండేళ్ళూ హాస్టల్. మీలో చాలామందికి ఆ జీవితం తెలుసు కాబట్టి వర్ణించను. గ్రౌండ్ లేదు. గేమ్స్ పీరియడ్ టైమ్‌టేబుల్‌లో ఉంది, నిజంగా లేదు. ఉదయం స్టడీ అవర్‌కి ముందు మంచానికీ బీరువాకీ మధ్య ఆరడుగుల జాగా దొరికేది. అందులో హెయాన్ షోదాన్ చేసేదాన్ని. నాలుగు అడుగులు వెయ్యాల్సిన చోట ఒక అడుగు. అరుపు ఉండాల్సిన చోట ఊపిరి. రూమ్‌మేట్స్ నిద్రలో "ఏంటే నీ పూజ" అని విసుక్కునేవాళ్ళు.

కటా విలువ అప్పుడే తెలిసింది. చాలామంది కటాని చూసి నవ్వుతారు, గాలితో యుద్ధం అని. కానీ భాగస్వామి లేకుండా, గ్రౌండ్ లేకుండా, గురువు లేకుండా రెండేళ్ళు బతికింది అదొక్కటే. ఒక విద్య మొత్తాన్ని జిప్ ఫైల్ లాగా మడిచి ఒంట్లో దాచుకునే పద్ధతి అది. జాగా దొరికిన రోజు విప్పుకోవచ్చు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీంతో నాకు తర్వాత పని పడింది.

*

బీటెక్‌లో చేరాక కాలేజీలో కరాటే లేదు, తైక్వాండో ఉంది. రెండూ తన్నడమే కదా అనిపించింది. మొదటి రోజు నేను షోటోకాన్ పద్ధతిలో ముందు మోకాలు వంచి, కిందకి దిగి నిలబడ్డాను. కోచ్‌గారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఏమ్మా, కూర్చుంటావా, ఆడతావా?" అన్నారు.

తైక్వాండో కొరియాది. 2000 సిడ్నీ నుంచి ఒలింపిక్స్‌లో పతకాల ఆట. 2012 లండన్ ఒలింపిక్స్ నుంచి ఛాతీ గార్డులో సెన్సర్లు వచ్చాయి. కాలికి వేసుకునే సాక్స్‌లో కూడా ఉంటాయి. రెండూ సరైన బలంతో కలిస్తే పాయింట్ దానంతటదే పడుతుంది. ఛాతీ గార్డు మీద పంచ్‌కి 1, కిక్‌కి 2, తల మీద కిక్‌కి 3. వెనక్కి తిరిగి కొట్టే కిక్ అయితే ఛాతీకి 4, తలకి 5. మొహం మీద పిడికిలితో కొట్టడం నిషేధం. నడుము కింద తన్నడం నిషేధం.

ఇప్పుడు ఈ రూల్స్‌ని ఒక ప్రోగ్రామ్ లాగా చదవండి. మొహం మీద పంచ్ రాదు, కాబట్టి మొహం దగ్గర చేతులు కాపలా పెట్టడం దండగ. చేతులు కిందకి దిగిపోతాయి. కిక్‌కి ఎక్కువ పాయింట్లు, కాబట్టి ముందుకాలు ఎప్పుడూ గాల్లోనే, కత్తి పట్టుకున్నట్టు. నడుము కింద తన్నరు, కాబట్టి ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడినా భయం లేదు. బయటనుంచి చూసేవాళ్ళకి "ఇదేం ఫైట్, చేతులు వేలాడేసుకుని గెంతుతున్నారు" అనిపిస్తుంది. లోపల ఉన్నవాళ్ళకి అది అచ్చమైన లాజిక్. మొదటి స్పారింగ్‌లో నాకు వచ్చింది ఒక్కటే పాయింట్. అదీ పంచ్‌తో. నాతో ఆడిన అమ్మాయికి నేను ఎటు జరుగుతానో ముందే తెలుసు, ఎందుకంటే కరాటే నన్ను తిన్నగా వెనక్కి జరగమని నేర్పింది. ఆమె కాలు సరిగ్గా అంత పొడుగుంది.

తైక్వాండో నాకు తుంటిని ఇచ్చింది. కాలు పైకి లేచేది తొడ బలంతో కాదు, తుంటి తిరగడంతో అని ఆరు నెలలకి ఒంటికి అర్థమైంది. అక్కడ ఆట సెన్సర్ మోగిన చోట లెక్కకొస్తుంది, గంట కొట్టిన చోట ఆగుతుంది. అప్పటిదాకా గాలి పీల్చుకోవడానికి కూడా టైమ్ ఉండదు.

*

జూడో ఇంకో లోకం. మా కాలేజీ ఇండోర్ హాల్లో ఒక మూల నీలం మ్యాట్లు పరిచి ఉంటాయి. నేర్పేది ఒక ఫైనల్ ఇయర్ అక్క. మొదటి రెండు వారాలు నేను నేర్చుకుంది పడటం. వెనక్కి పడటం, పక్కకి పడటం, ముందుకి దొర్లి పడటం. నేల తగిలే క్షణంలో చేతితో మ్యాట్‌ని చాచి కొట్టాలి, గడ్డం ఛాతీకి ఆనించాలి, తల నేలకి తగలకూడదు. "ఎప్పుడు పడేస్తానో నువ్వు ఆలోచించకు. పడటం నీకు వచ్చు, అంతే" అనేది అక్క. పదేళ్ళ కరాటేలో నన్ను ఎవరూ పడెయ్యలేదు. పడితే ఆట ఆపేసేవాళ్ళు. ఇక్కడ అసలు ఆటే అది.

జూడోని మొదలుపెట్టింది కానో జిగోరో. 1882లో టోక్యోలో కొడోకాన్ స్థాపించారు. ఆయన స్కూల్ టీచర్, చదువుల మనిషి. పాత జుజుత్సులో ఉన్న ప్రమాదకరమైన పట్లు, కొట్లు తీసి పక్కన పెట్టారు. వాటిని ఆట నుంచి తీసేస్తే మిగిలినవాటిని పూర్తి బలంతో, అడ్డుకునే మనిషి మీద, రోజూ సాధన చెయ్యొచ్చు. ఇందులో ఎంత తెలివి ఉందో చూడండి. కరాటే ప్రమాదకరమైన దెబ్బని ఉంచుకుంది, తాకే ముందు ఆపేసింది. జూడో ప్రమాదకరమైన దెబ్బని తీసేసింది, మిగతాది ఆపకుండా చేసింది. రెండూ ఒకే ఇబ్బందికి జవాబులు: రేపు మళ్ళీ ఇదే స్నేహితురాలితో సాధన చెయ్యాలంటే ఈ రోజు ఆమె బాగుండాలి. దాని కోసం ఒకరు ఒకటి వదులుకున్నారు, ఇంకొకరు ఇంకొకటి.

మన కరాటే క్లాసుల్లో చూసే బెల్టులు కూడా జూడో నుంచి వచ్చినవే. బ్లాక్ బెల్టులో డాన్ స్థాయిలు కానో పెట్టిన పద్ధతి. ఫునకోషి 1922లో టోక్యో వచ్చినప్పుడు ఆయన్ని కొడోకాన్‌కి పిలిచి ప్రదర్శన ఇప్పించింది కూడా కానోనే. కాబట్టి "కరాటేనా, జూడోనా" అని గొడవపడే జూనియర్లకి నా మనవి: వాటి పెద్దలిద్దరూ ఒకే చాప మీద కలుసుకున్నారు.

జూడోలో ఆట ఎక్కడ ఆగుతుంది? ఎదుటి మనిషి వీపు గట్టిగా, వేగంగా మ్యాట్‌కి తగిలితే ఆగుతుంది. లేదా 20 సెకన్లు నేలకి అదిమిపెడితే ఆగుతుంది. లేదా పట్టులో చిక్కిన మనిషి చేత్తో తడితే ఆగుతుంది. ఈ చివరిది నాకు చాలా ఇష్టం. రిఫరీ కాదు, సెన్సర్ కాదు, నువ్వే తట్టి చెప్తావు, చాలు అని. చెప్పిన మరుక్షణం వదిలేస్తారు. ఎదుటి మనిషి మీద ఆ నమ్మకం లేకపోతే జూడో ఒక్క రోజు కూడా నడవదు.

జూడోలో కూడా రూల్ మారితే ఒళ్ళు మారుతుంది. చేతులతో కాళ్ళు పట్టుకుని పడెయ్యడం ఒకప్పుడు మామూలే. అంతర్జాతీయ పోటీల్లో 2010 నుంచి దాన్ని తగ్గిస్తూ వచ్చి 2013లో పూర్తిగా ఆపేశారు. దాంతో ఆటగాళ్ళు నిటారుగా నిలబడటం పెరిగింది. కాళ్ళకి భయం లేనప్పుడు నడుము వంచాల్సిన పనేముంది?

*

ఈ సెమిస్టర్ మెషిన్ లెర్నింగ్ క్లాసులో ఓవర్‌ఫిటింగ్ చెప్తున్నప్పుడు నాకు తైక్వాండో గుర్తొచ్చి నవ్వొచ్చింది. మోడల్‌కి ఏ డేటా చూపిస్తే దాన్నే నేర్చుకుంటుంది. చూపించనిది దాని లెక్కలో లేనే లేదు. ఒళ్ళు కూడా అంతే. మొహం మీద పంచ్ రాని డేటాతో పెంచితే చేతులు దించుకుంటుంది. పట్టుకోవడం లేని డేటాతో పెంచితే, ఎవరైనా చొక్కా పట్టుకోగానే బిగుసుకుపోతుంది.

దీనికి ప్రపంచం మొత్తం చూసిన ఉదాహరణ 1993లో అమెరికాలోని డెన్వర్‌లో జరిగింది. రకరకాల స్టైల్స్ వాళ్ళని ఒకే బోనులో పెట్టి మొదటి యూఎఫ్‌సీ జరిపారు. కొరకడం, కళ్ళలో పొడవడం తప్ప దాదాపు అన్నీ అనుమతించారు. గెలిచింది హోయిస్ గ్రేసీ, చూడ్డానికి సన్నగా ఉండే బ్రెజిల్ మనిషి. ఎదుటివాళ్ళు కొట్టేలోపు దగ్గరికి వెళ్ళి, కౌగిలించుకుని, కింద పడేసి, పట్టు బిగించేవాడు. నిలబడి కొట్టడంలో ఆరితేరినవాళ్ళకి నేల మీద ఏం చెయ్యాలో తెలియలేదు. వాళ్ళ డేటాలో నేల లేదు. ఇంతకీ గ్రేసీల విద్య మూలం ఎక్కడిదంటే, కొడోకాన్‌లో నేర్చుకుని బ్రెజిల్ వెళ్ళిన మయెదా మిత్సుయో దగ్గరిది.

మరైతే అదే బెస్టా? కాదు. ఆ బోనులో కూడా ఇద్దరే ఉంటారు. కింద మెత్తటి మ్యాట్ ఉంటుంది. మూడో మనిషి వెనకనుంచి రాడు. తట్టితే వదిలేస్తారు. అది కూడా ఒక రూల్ బుక్కే. ఈ సంగతి నాకు చెప్పింది కోచ్ కాదు, యూట్యూబ్ కాదు. మా తాతయ్య.

*

మా అమ్మమ్మగారి ఊరు విజయనగరం జిల్లాలో. ఆ వైపు కుస్తీకీ, సాముకీ పాత పేరుంది. కోడి రామమూర్తి గారి కథలు వినని ముసలివాళ్ళు అక్కడ ఉండరు. ఆయన పుట్టిన వీరఘట్టం కూడా మా ఉత్తరాంధ్రే. పండగలకి కర్రలూ కత్తులూ తిప్పుతూ చేసే ప్రదర్శనని మా వైపు తాలింఖానా అంటారు. మా తాతయ్య వయసులో ఉండగా దసరాకి వాళ్ళ జట్టులో ఇరవై మంది దాకా తిరిగేవాళ్ళట. ఇప్పుడు మిగిలింది ముగ్గురు. తాతయ్యకి 74. కుడి భుజం చెవి కంటే పైకి లేవదు.

ఫస్ట్ ఇయర్ సంక్రాంతికి వెళ్ళినప్పుడు నా తైక్వాండో వీడియో చూపించాను. ఫోన్‌ని చెయ్యంత దూరంలో పట్టుకుని మొత్తం చూశారు.

"ఆ మద్దెనున్న ఆయనెవులే?"

"రిఫరీ తాతా. ఆయన ఆపమంటే ఆపాలి."

"మరి ఆడు లేపోతే?"

నా దగ్గర జవాబు లేదు. ఆయనే మళ్ళీ అన్నారు: "నువ్వు ముందుకే సూత్తన్నావు. ఎనకాల ఎవులున్నారో ఎవులు సూత్తారే?"

ఆ సాయంత్రమే పెరట్లోకి తీసుకెళ్ళి కర్ర చేతికిచ్చారు. ఎండబెట్టి నూనె పట్టించిన వెదురు కర్ర. ఆయన కొలత ఏమిటంటే, పక్కన నిలబెడితే మన చెవి దాకా రావాలి. మొదటి పాఠం తిప్పడం. కుడి పక్కన ఒక సున్నా, ఎడం పక్కన ఒక సున్నా, రెండూ కలిసి ఎనిమిది అంకె. అది ఆగకుండా తిరుగుతుండగా అడుగు వెయ్యాలి, ఒంటిని తిప్పాలి, చెయ్యి మార్చాలి. కరాటేలో నా అడుగులన్నీ గీత మీద ఉండేవి. ఇక్కడ గీత లేదు, చుట్టూ ఉంది. నాలుగు దిక్కులకీ వంతులవారీగా మొహం తిరగాలి. ఒక్క దిక్కు మీద ఎక్కువసేపు ఉంటే తాతయ్య వెనకనుంచి చిన్న చింతబరికెతో మడమ మీద తట్టేవారు. నొప్పి ఉండదు, సిగ్గేస్తుంది.

"కర్ర సూడకే. కర్రకి నీ సంగతి తెలుసు. నువ్వు మనుసుల్ని సూడు."

నలుగురు చుట్టుముడితే ఏం చెయ్యాలి అని ఆయన్నే అడిగాను, మా పిన్ని నన్ను అడిగినట్టే. ఆయన చెప్పింది నేను ఏ క్లాసులోనూ వినలేదు.

"కర్ర తిప్పీది కొట్టడానికి కాదే అమ్మీ. దారి సేసుకోడానికి. దారి దొరికినాక ఇంటికి ఎల్లిపోవాల."

కాబట్టి మా తాతయ్య కర్రసాములో ఆట ఇల్లు చేరిన చోట ఆగుతుంది. పాయింట్ లేదు, వీపు మ్యాట్‌కి తగలడం లేదు, గెలుపు అన్న మాట కూడా లేదు. తిరిగే కర్ర చుట్టూ ఒక ఖాళీ చేస్తుంది. ఆ ఖాళీని నెమ్మదిగా ఒక పక్కకి జరుపుకుంటూ పోతావు. అన్ని పాఠాలూ ఆ జరగడం కోసమే. ఒక అమ్మాయిగా చెప్తున్నాను, రాత్రి తొమ్మిదింటికి బస్టాప్‌లో నిలబడ్డప్పుడు నాకు పనికొచ్చే ఆలోచన ఇదే. చేతిలో కర్ర లేకపోయినా సరే. ఎవర్ని కొట్టాలి అని కాదు, దారి ఎటు ఉంది అని.

*

మొన్న దసరాకి మళ్ళీ వెళ్ళాను. పెరట్లో ఒక వరుస దగ్గర చిక్కుకుపోయాను. కర్రని వీపు వెనకనుంచి తీసుకొచ్చి ఎడం చేతికి మార్చుకుంటూ పూర్తిగా వెనక్కి తిరగాలి. తిరిగిన ప్రతిసారీ కర్ర మోచేతికి తగిలేది. తాతయ్య మందులేసుకుని పడుకున్నారు. అమ్మ అరుగు మీద కూర్చుని చేటలో మినుములు బాగుచేస్తోంది.

"ఎడం కాలు ముందు ఎనక్కెయ్యి. అప్పుడు తిరుగు" అంది, చేటలోంచి తల ఎత్తకుండా.

వేశాను. కర్ర తగల్లేదు.

"తర్వాత రెండు అడుగులు పక్కకి. మూడోదానికి కూర్చోవాలి. కూర్చుని లేస్తూ చెయ్యి మార్చాలి." అంటూ చేట అంచు మీద వేళ్ళతో దరువు వేసింది. దసరాకి డప్పు కొట్టే దరువు అది. ఆ దరువుకి అడుగు సరిగ్గా కూర్చుంది.

మా అమ్మ విశాఖపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. జీవితంలో కర్ర పట్టుకోలేదు. ఆ రోజుల్లో ఆడపిల్లలకి నేర్పేవాళ్ళు కాదు. సాధన జరిగే చోటికి మంచినీళ్ళు పట్టుకెళ్ళడం ఆమె పని. చెంబు పట్టుకుని నిలబడి, పదేళ్ళ పాటు, ప్రతి సాయంత్రం చూసింది. ఒక వరుస చివర దాకా చెప్పేసింది. రెండోది అడిగాను, చెప్పింది. మూడోది కూడా.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంటమ్మా?" అంటే, "ఎవరు అడిగారు?" అంది.

తాతయ్య నిద్ర లేచాక ఈ సంగతి చెప్పాను. ఆయన అమ్మ వైపు చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు. టీ తాగాక మాత్రం, "ఆ కూకునీ వొరస ఇంకోపాలి సెప్పవే" అని అమ్మని అడిగారు. ఆయనకి అది సగమే గుర్తుందట.

*

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

కరాటేకి కటాలున్నాయి, పుస్తకాలున్నాయి, వందల వీడియోలున్నాయి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఉండి, 2024 పారిస్‌లో తీసేసినా దానికి వచ్చిన నష్టం ఏమీ లేదు. జూడోకి కొడోకాన్ ఉంది. తైక్వాండోకి సెన్సర్లు తయారుచేసే కంపెనీలు కూడా ఉన్నాయి. మన దేశపు విద్యల్లో కలరిపయట్టు, గట్కా, థాంగ్-టా, మల్లఖంబ్ 2022లో హర్యానాలో జరిగిన ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో చేరాయి. చాలా సంతోషం. ఆ లిస్టులో మన కర్రసాము లేదు. దానికి బెల్టు లేదు, గ్రేడింగ్ లేదు, నాన్న ఫ్రేమ్ కట్టించడానికి సర్టిఫికెట్ లేదు. మా ఊరి వరుసలు ఇద్దరి దగ్గర ఉన్నాయి. ఒకరికి భుజం లేవదు, ఇంకొకరు కర్ర పట్టలేదు.

ఊళ్ళో కుర్రాళ్ళు లేరా అంటే, ఉన్నారు, హైదరాబాద్‌లోనూ చెన్నైలోనూ పనుల్లో ఉన్నారు. పండక్కి రెండు రోజులొస్తారు. రెండు రోజుల్లో కర్ర రాదు. వాళ్ళని ఏమీ అనలేం. కర్రసాము అన్నం పెట్టదు. మా తాతయ్యకి కూడా పెట్టలేదు, ఆయనకి అన్నం పెట్టింది పొలమే.

సంక్రాంతి సెలవుల్లో పని మొదలుపెట్టాను. ఫోన్‌ని రెండు చోట్ల పెట్టి, ముందునుంచీ పక్కనుంచీ వీడియో తీస్తున్నాను. అమ్మ దరువు వేస్తుంది, నేను చేస్తాను, తాతయ్య మంచం మీద కూర్చుని దిద్దుతారు. ప్రతి వరుసకీ ఒక నోట్‌బుక్ పేజీ: ఏ దరువుకి ఏ కాలు, ఏ దిక్కుకి మొహం, చెయ్యి ఎక్కడ మారాలి. ఇప్పటికి పదకొండు పూర్తయ్యాయి. మొత్తం ఎన్ని అని అడిగితే తాతయ్య ఒకసారి పద్దెనిమిది అంటారు, ఒకసారి ఇరవై రెండు అంటారు. కొన్ని ఇద్దరిలో ఎవరికీ పూర్తిగా గుర్తులేవు. ఒకదానికి మొదలు ఉంది, ముగింపు లేదు. ముగింపు తెలిసిన మనిషి మూడేళ్ళ క్రితం పోయారట. ఆ పేజీలో సగం ఖాళీగా వదిలేశాను.

హాస్టల్ గదిలో ఆరడుగుల జాగాలో కటా ఎలా బతికిందో ఇందాక చెప్పాను కదా, గుర్తుపెట్టుకోమన్నది అందుకే. ఇటోసు అంకో చేసిన పని, ఒక విద్యని ఎవరైనా మోసుకుపోగలిగేలా మడవడం, మా ఊరి కర్రకి ఎవరూ చెయ్యలేదు. నేను ఇటోసుని కాదు. నాకు తెలిసింది లెక్క రాసుకోవడం, ఫైళ్ళు పేర్లు పెట్టి దాచుకోవడం. సీఎస్ఈ చదివినందుకు ఈ మాత్రం ఉపయోగపడితే చాలు. వీడియోకి బరువు తెలియదు, కర్ర గాల్లో మోగే చప్పుడులో ఏది సరైనదో చెప్పదు. అందుకే వీడియో తీసి ఊరుకోవడం కుదరదు, ఎవరో ఒకరి చేతుల్లోకి ఎక్కాలి.

మే నెలలో మా బ్యాచ్ అంతా ఇంటర్న్‌షిప్‌లకి అప్లై చేస్తున్నారు. నాకు కూడా ఒకటి వచ్చేలా ఉంది, హైదరాబాద్‌లో, ఆఫీసుకి వెళ్ళి చెయ్యాలి. నాన్న దానికే మొగ్గు. "కర్ర ఎక్కడికీ పోదమ్మా, వచ్చే ఏడాది చూసుకో" అంటున్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది, ఫీజులు కట్టేది ఆయనే. కానీ ఇంటర్న్‌షిప్ థర్డ్ ఇయర్‌లో కూడా వస్తుంది. తాతయ్య భుజం సంక్రాంతికీ శివరాత్రికీ మధ్యే ఇంకో రెండంగుళాలు దిగిందని అమ్మ ఫోన్లో చెప్పింది. నేను ఊరికే వెళ్తున్నాను. అమ్మకి కూడా అప్పుడు బడి సెలవులే. ఇద్దరం కలిసి వెళ్తున్నాం. ఈ సంగతి విన్నప్పటినుంచీ తాతయ్య ఇంకో వెదురు కొట్టించి పెరట్లో ఆరబెడుతున్నారట. ఎవరి కొలత అని అమ్మ అడిగితే, "నీ సెవి ఎంతెత్తుంటాదో నాకు తెలీదేటి" అన్నారట.

కాబట్టి "ఏది బెస్ట్" అని అడిగేవాళ్ళకి నా జవాబు: మీ ఆట ఎక్కడ ఆగాలో చెప్పండి, అప్పుడు చెప్తాను. దూరం, నిబ్బరం కావాలంటే కరాటే. కాళ్ళూ ఊపిరీ కావాలంటే తైక్వాండో. పడినా లేవగలనన్న ధైర్యం కావాలంటే జూడో, ఆ అక్క ఇంకో మూడు నెలలే ఉంటుంది, త్వరపడండి.

కర్రసాము చూడాలనుకుంటే ఆదివారం ఉదయం ఆరున్నరకి బాస్కెట్‌బాల్ కోర్టు వెనక ఖాళీ స్థలానికి రండి. ప్రస్తుతానికి నేనూ, ఈసీఈ నుంచి ఇద్దరూ, మెస్‌లో పనిచేసే ఒక అన్నా వస్తున్నాం. ఆయనది శ్రీకాకుళం వైపు, చిన్నప్పుడు చూశానంటున్నాడు, చెయ్యి తిప్పే తీరు చూస్తే చూడ్డమే కాదనిపిస్తోంది. కర్రలు రెండే ఉన్నాయి, వంతులేసుకుంటాం. మీ ఊళ్ళో ఇలాంటి వరుసలు తెలిసిన పెద్దవాళ్ళుంటే వాళ్ళని అడిగి రండి. వాళ్ళ పక్కన నీళ్ళచెంబు పట్టుకుని నిలబడ్డవాళ్ళుంటే, వాళ్ళని కూడా అడగండి.